సద్దిముక్క

విఠలూ, నువ్వు కాయితం మీద గుండ్రం గీసినవు.
షేర్లకింత, ఫండ్లకింత, ప్లాటుకింత అని
గీతలు కొట్టి కోసినవు.
నాకు జొన్నరొట్టె యాదికొచ్చింది.
మా అవ్వ గట్లనే తుంచేది, తలా ఇంత.
ఒక్క ముక్క మాత్రం
రుమాలు కొసకు ముడేసి నాయిన చేతికిచ్చేది:
"బస్సు దొరికితే తినకు,
దొరకనినాడు తిను."

ఆ ముక్క సంగతే నేను చెప్తున్న.

నేను మర్రిగూడ దిక్కోన్ని.
మా నీళ్లు నా పండ్లకు పచ్చగ పూసినయి.
బడిల నవ్వితే "బంగారి పండ్లోడా" అనేటోళ్లు.
గీటురాయి పట్టకముందే నాకు
రంగు మీద నమ్మకం పోయింది.

దేవరకొండ బ్యాంకుల, మూడో కౌంటర్ పక్కన
ఇరవై ఆరేండ్ల సంది కూసున్న.
నల్లరాయి మీద గీత, గీత మీద ఆసిడ్ సుక్క,
నిలిచిందా, కరిగిందా, గంతే నా సదువు.
కరువెంతో నాకు వాన లెక్కలు చెప్పవు,
జూన్ల ఎన్ని పుస్తెలతాళ్లు వస్తయో అవి చెప్తయి.

నువ్వన్నది నిజమే, బంగారం ఈనదు.
పాలియ్యదు, కిరాయి తేదు, వడ్డీ అడిగితే పలుకదు.
నీ షేర్లు గంతులేసే యేండ్లల్ల
బండ లెక్క పడుంటది.
వెండి ఇంకా పెంకిది, మేకపిల్ల,
ఎగిరితే గుట్ట, జారితే బాయి.
మీదికెళ్లి తరుగు, మజూరి. ఆ పేర్ల మీద
మా అవుసులోళ్లం ఎంత మింగినమో
మా నాయిన మూసకెరుక.

అయినా విను.
చిట్టీల నర్సోజి పోయిన్నాడు ఇంటికి తాళం గూడ ఎయ్యలేదు.
ఎయ్యనీకె లోపలేమున్నది?
కొండమల్లేపల్లి రోడ్డు పొంటి తెల్లరాళ్లు పాతి
ప్లాట్లమ్మినోని ఫోను ఇప్పటికీ మోగుతనే ఉంటది.
పెద్దనోట్లు రద్దయిన తెల్లారి
మా బామ్మర్ది బియ్యం డబ్బల దాసిన నలభై వేలు
ముట్టుకుంటె నోట్లే, అంగట్ల కాయితాలు.
ఆ పొద్దున ఏ ఇంటికీ ఎవ్వడూ
"మీ తులం చెల్లదు" అని రాలేదు.

తండా నుంచి కేతావత్ జాలి వస్తది.
ఆమె గుండ్లదండ బరువు కండ్లు మూసుకొని చెప్త,
మూడు తులాల రెండు గురిగింజలు.
తొమ్మిదిసార్లు తెచ్చింది, తొమ్మిదిసార్లు ఇడిపించింది.
ఒకపాలి బోరుకు.
బోరు దుమ్ము పోసింది, దండ మాత్రం తిరిగొచ్చింది.
ఒకపాలి పత్తిగింజలకు, అవి మొలిచినయి.
ఒకపాలి పుణెల పెనిమిటి కాలిరిగితే
రాత్రి పదింటికి నా తలుపు కొట్టింది.
సేటు దుకాణం షట్టరు సగం లేపిచ్చిన.
ఆ యాళ్ల నీ బజారంతా నిద్రల ఉన్నది,
దండ ఒక్కటే మేల్కొని ఉన్నది.

గీసిన ప్రతిసారీ నా రాయికి ఆమెది ఇంత అంటుకున్నది.
తొమ్మిది గీతలు.
ఆ బాకీ ఏ పాస్‌బుక్కుల లేదు.

రొట్టెంతా మూటగడితే మరి పిల్లలేం తినాలె?
పక్కింటి సుదర్శనం భయానికి ఉన్నయన్నీ అమ్మి
బిస్కెట్లు కొని బీరువల పండవెట్టిండు.
మొన్న కరెంటు బిల్లుకు నన్నే రెండు వేలడిగిండు.
నూటికి పదో, పన్నెండో.
ముడి బిగుతుగ, ముక్క చిన్నగ.
పెరగాలని కాదు విఠలూ,
మిగిలినయన్నీ ఒక్కపాలే తగ్గిననాడు
ఇది తగ్గకుంట ఉంటదేమోనని.
"ఏమో" అన్న, గుర్తువెట్టుకో. నేను రాయిని, జ్యోతిష్యున్ని గాను.

ఈ జూన్ల జాలి రాలేదు.
అమ్ముకున్నదో, అక్కెర పడలేదో
నాకెట్ల తెలుస్తది?
నిన్న అంగట్ల మిరపకాయలు బేరం చేస్తుంటె
ముఖం కన్న ముందు మెడ దిక్కు చూసిన.

ఉన్నది.
అప్పుడు పలకరించిన.